దాహం పెరిగే... బలం తరిగే!

గ్లాసులో నానిన సబ్జా గింజ, పాపాయి డైపరు, కంట్లో పెట్టుకునే లెన్సు, బామ్మ మోకాళ్లలోని గుజ్జు... వీటన్నిటికీ ఏమిటి సంబంధం అంటారా? అన్నీ నీళ్లు తాగేవే. అన్నిటికీ ఒకటే చిక్కు. ఎంత ఎక్కువ తాగితే అంత మెత్తబడిపోతాయి. తాగాలి, కానీ తట్టుకోవాలి. ఈ రెండిటికీ పొత్తు కుదర్చడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు. ఆ కుస్తీ కథే ఇది!

ఎండలు ముదిరాయంటే చాలు, చాలా ఇళ్లలో సబ్జా నీళ్లు సిద్ధం. చెంచాడు గింజలు గ్లాసుడు నీళ్లలో వేసి అలా పక్కన పెడితే కాసేపటికే ఒక్కో గింజ చుట్టూ తెల్లటి జిగురు పొర వచ్చేస్తుంది. ఎండుగా ఉన్నప్పుడు పంటికింద కటుక్కుమనే గింజ, నానాక రెండు వేళ్ల మధ్య నొక్కితే జర్రున జారిపోతుంది. గట్టిగా నలిపితే ఆ జిగురు చితికిపోతుంది. నీళ్లు తాగింది కదా, మెత్తబడింది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది.

సరే, ఇంకో మాట. 'మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందమ్మా, అందుకే ఈ నొప్పులు' అనే మాట వినని తెలుగిల్లు ఉండదేమో. ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తలా ఉండే ఆ గుజ్జు అసలు పేరు మృదులాస్థి. అందులో ఇంచుమించు మూడొంతులు నీళ్లే! మందం చూస్తే కొన్ని మిల్లీమీటర్లు. అంత పల్చటి నీళ్ల ముద్ద మనం నడిచే ప్రతి అడుగులోనూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారాన్ని మోస్తుంది. మెట్లెక్కితే ఇంకా ఎక్కువ. రోజుకు వేల అడుగులు, ఏళ్ల తరబడి!

సబ్జా జిగురు వేలి ఒత్తిడికే చితికిపోతోంది. మోకాలి గుజ్జు మనిషిని మోస్తోంది. రెండూ నీళ్లతో నిండినవే. మరి ఎక్కడుంది తేడా?

ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. శాస్త్రవేత్తలు వాటిని హైడ్రోజెల్స్ అంటారు. ఆ తేడా ఏమిటో పట్టుకుంటే డైపరు ఎందుకు కారదో, లెన్సు ఎందుకు చిరుగుతుందో, అరిగిన గుజ్జుకు బదులు కొత్తది తయారుచేయడం ఎందుకింత కష్టమవుతోందో అన్నీ అర్థమవుతాయి.

వలలో చిక్కిన నీరు

తడి స్పాంజిని పిండితే నీళ్లు బొటబొటా కారిపోతాయి. హైడ్రోజెల్ అలా వదిలిపెట్టదు. స్పాంజిలో నీళ్లు ఉండేది కంటికి కనిపించే కన్నాల్లో. హైడ్రోజెల్‌లో అణువులకూ అణువులకూ మధ్య ఉండే సందుల్లో.

పూసలు గుచ్చిన దండలాంటి పొడవైన అణువుల్ని పాలిమర్లు అంటారు. నీళ్లంటే ఇష్టపడే పాలిమర్ గొలుసుల్ని విడివిడిగా వదిలేస్తే నీళ్లలో కలిసిపోయి గంజిలా తయారవుతాయి. అదే గొలుసుల్ని అక్కడక్కడా ఒకదానితో ఒకటి ముడివేస్తే? చేపల వలలాంటిది తయారవుతుంది. ఇక అది కరగలేదు. నీళ్లను తనలోకి లాక్కుని ఉబ్బుతుంది. అదే హైడ్రోజెల్.

ఎంత ఉబ్బుతుంది? ఇక్కడ రెండు శక్తుల మధ్య తాడులాట జరుగుతుంది. ఒకవైపు దాహం. డైపర్లలో వాడే సోడియం పాలీఅక్రిలేట్ సంగతే చూడండి. దాని గొలుసుల పొడవునా రుణావేశాలు, వాటికి తోడుగా సోడియం అయాన్లు ఉంటాయి. అంటే వల లోపల ఉప్పదనం ఎక్కువన్నమాట. ఉప్పు ఎక్కువున్న వైపు నీళ్లు పరుగెడతాయి. మాగాయకని మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా, ఆ సూత్రమే. కాకపోతే అక్కడ ఉప్పు ముక్క బయట ఉంది, ఇక్కడ వల లోపల ఉంది. అందుకే నీళ్లు లోపలికి వస్తాయి.

రెండోవైపు వల. ఉబ్బినకొద్దీ గొలుసులు సాగుతాయి. సాగిన రబ్బరులా 'ఇక చాలు' అని వెనక్కి లాగుతాయి. లోపలికి లాగే దాహం, వెనక్కి లాగే వల ఎక్కడ సమానమైతే అక్కడ ఉబ్బడం ఆగిపోతుంది. రబ్బరు లాంటి వల ద్రావకాల్లో ఎంతవరకు ఉబ్బుతుందో 1943లో అమెరికా శాస్త్రవేత్తలు పాల్ ఫ్లోరీ, జాన్ రేనర్ లెక్కగట్టారు. పాలిమర్లపై జీవితకాలం చేసిన కృషికి ఫ్లోరీకి 1974లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. హైడ్రోజెల్స్ తయారుచేసేవాళ్లకు ఇప్పటికీ ఆ లెక్కే ఓనమాలు.

ముడి బిగిస్తే ఒకటి... వదులు చేస్తే ఇంకొకటి

ఆ లెక్కలోనే అసలు మెలిక ఉంది. ఎక్కువ నీళ్లు తాగాలంటే వలలో ముడులు తక్కువుండాలి. అప్పుడే కన్నాలు పెద్దవై గొలుసులు బాగా సాగుతాయి. కానీ జెల్‌కి గట్టిదనం వచ్చేదే ఆ ముడుల వల్ల! ముడులు తగ్గితే నొక్కగానే లొంగిపోతుంది.

దెబ్బ అక్కడితో ఆగదు. నీళ్లు చేరినకొద్దీ గొలుసులు ఒకదానికొకటి దూరమవుతాయి. చెంచాడు జెల్ తీసుకుంటే అందులో భారం మోసే గొలుసులు పిసరంత, మిగతాదంతా నీళ్లే. పలచన చేసిన పప్పులా అన్నమాట. ఒకే రకం జెల్‌ని ముడులు తగ్గించి రెట్టింపు ఉబ్బేలా చేశారనుకోండి, దాని గట్టిదనం సగానికి తగ్గి ఊరుకోదు. మూడో వంతుకో అంతకన్నా తక్కువకో పడిపోతుంది.

మూడో దెబ్బ ఇంకా గట్టిది. బాగా ఉబ్బిన జెల్‌లో గొలుసులు అప్పటికే తెగేదాకా సాగి ఉంటాయి. ఎక్కడో చిన్న గాటు పడితే చాలు. దాన్ని ఆపే శక్తి దానికి ఉండదు. గాటు అలా సాగిపోయి రెండు ముక్కలవుతుంది. జున్నులోకి చెంచా దిగినట్టే.

పోనీ ముడులు ఎక్కువేస్తేనో? గట్టిపడుతుంది. కానీ దాహం చచ్చిపోతుంది. పైగా పెళుసుబారుతుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. నొక్కితే లొంగకపోవడం వేరు, చీలకుండా తట్టుకోవడం వేరు. గాజు గట్టిదే, కిందపడితే భళ్లుమంటుంది. ముడులు బిగించిన జెల్ కూడా అంతే. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి!

పాపాయి కూర్చుంటే పరీక్ష

ఈ చిక్కును మన ఇళ్లలో మొదట ఎదుర్కొన్నది డైపరు. 1970ల్లో అమెరికాలోని పియోరియా నగరంలో ఉన్న వ్యవసాయశాఖ ప్రయోగశాలలో మొక్కజొన్న పిండిపదార్థంతో ఒక పొడి తయారుచేశారు. తన బరువుకు కొన్ని వందల రెట్ల నీళ్లు పీల్చేసే ఆ పొడికి 'సూపర్ స్లర్పర్' అని ముద్దుపేరు. ఆ దారిలోనే పాలీఅక్రిలేట్ గుళికలు వచ్చాయి. 1980ల నుంచి డైపర్లలోకి చేరాయి.

వందల రెట్లు అనగానే సంబరపడిపోకూడదు. ఆ లెక్క స్వచ్ఛమైన నీళ్లకు. మూత్రంలో ఉప్పు ఉంటుంది. బయటా ఉప్పే, లోపలా ఉప్పే అయినప్పుడు నీళ్లకు లోపలికి పరుగెత్తాల్సిన పనేముంది? అందుకే అదే గుళిక ఉప్పునీళ్లయితే 30 నుంచి 60 రెట్లు తాగి ఆగిపోతుంది. ఇక పాపాయి దానిమీద కూర్చుంటే? బరువు పడేసరికి ఇంకా తక్కువ!

తయారీదారులు మొదట్లో బాగా తాగే గుళికలు వేస్తే ఇంకో తంటా వచ్చిపడింది. పైనున్న గుళికలు గబగబా తాగి మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దలా దారి మూసేశాయి. కిందున్నవి పొడిపొడిగానే ఉండిపోయాయి. తడి మాత్రం పక్కల నుంచి కారిపోయింది. దాహం ఉంది, బలం లేదు. ఫలితం అలా ఉంటుంది మరి.

దీనికి కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. ఒక్కో గుళికకూ పైపొరలో మాత్రమే ముడులు ఎక్కువ వేశారు. లోపల వదులుగా ఉంచేశారు. లోపల దాహం, బయట కవచం! గుళికలు ఉబ్బినా ఆకారం చెడవు. వాటి మధ్య సందులు మూసుకుపోవు. తడి కిందిదాకా దిగుతుంది. అందుకే ఈ పరిశ్రమలో గుళిక నాణ్యత చూసేటప్పుడు 'ఎంత తాగుతుంది' అన్నదానితో పాటు 'బరువు పెట్టినప్పుడు ఎంత తాగుతుంది' అన్నది కూడా తప్పనిసరిగా కొలుస్తారు.

ఇంట్లో సరదాగా చూడాలనుకుంటే పెద్దవాళ్లు దగ్గరుండి వాడని డైపరును కత్తిరించి, లోపలి గుళికల్ని చెంచాడు తీసుకుని గ్లాసు నీళ్లలో వేయండి. నీళ్లు గడ్డకట్టినట్టు అయిపోతాయి. ఇప్పుడు దానిమీద రెండు చెంచాల ఉప్పు చల్లి కలపండి. మాగాయ ఊట దిగినట్టు జెల్ నీళ్లొదిలేసి పలచబడిపోతుంది. ఆ పొడి ముక్కులోకీ కళ్లలోకీ పోకుండా చూసుకోండి. మిగిలింది చెత్తబుట్టలో వేయండి, సింకులో పోయొద్దు. పైపులు పూడిపోతాయి!

ముత్యాలు కావవి... ముప్పు

ఇదే జాతి జెల్‌తో చేసిన రంగురంగుల గుండ్రటి పూసలు పూలకుండీల అలంకరణకనీ, పిల్లల ఆటలకనీ బజారులో దొరుకుతున్నాయి. నీళ్లలో వేయకముందు ఆవగింజంతో సగ్గుబియ్యమంతో ఉంటాయి. వేశాక గోళీలంత, కొన్నయితే ఇంకా పెద్దవీ అవుతాయి.

పసిపిల్లలు ఎండు పూసను మింగితే చడీచప్పుడు లేకుండా గొంతు దిగిపోతుంది. ఆ తర్వాతే అసలు ప్రమాదం. కడుపులో గంటల తరబడి నీళ్లు తాగి పెద్దదవుతుంది. గుండ్రటి ఆకారం చెడకుండా ముడులు గట్టిగా వేసి ఉంటారు కాబట్టి చితికిపోదు, పేగుకు అడ్డంపడుతుంది. పైగా మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. 2023లో అమెరికాలో ఇలాగే 10 నెలల పసికందు ప్రాణం పోయింది. ఆ ఏడాది చివర్లో అక్కడి పెద్ద పెద్ద దుకాణ సంస్థలు పిల్లల కోసమని వీటిని అమ్మడం మానేస్తామని ప్రకటించాయి.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇవి లేకపోవడమే మంచిది. మింగారన్న అనుమానం వస్తే వాంతులయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏం మింగారో డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. వీలైతే అలాంటి పూసనే ఇంకోటి వెంట తీసుకెళ్లాలి.

చేలో కూడా అదే లెక్క

వాన ఎప్పుడొస్తుందో తెలియని మెట్ట రైతుకు ఈ దాహం ఒక వరమే. వాన పడ్డప్పుడు తాగి, వేర్లు అడిగినప్పుడు వదిలేలా ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ 'పూసా హైడ్రోజెల్' తయారుచేసింది. మొక్కల్లో ఉండే సెల్యులోజ్ దీనికి ఆధారం. తన బరువుకు 350 రెట్లు, ఆపైన నీళ్లు పడుతుందని సంస్థ చెబుతుంది. ఎకరాకు కిలో నుంచి రెండు కిలోలు, అదీ వేర్లకు దగ్గర్లో వేయాలన్నది సిఫార్సు.

అయితే గ్లాసులో తాగినంతా మట్టిలో తాగుతుందా అంటే తాగదు. కారణం మళ్లీ మన పాత కథే. పైన మట్టి బరువు ఉంటుంది. చుట్టూ మట్టి బిగించి ఉంటుంది. దాన్ని తోసుకుని ఉబ్బాలి. మెత్తటి జెల్‌కి అది సాధ్యం కాదు. గట్టి జెల్ తోయగలదు కానీ తక్కువ తాగుతుంది. ఇంకా లోతుకు పోతే ఇంకా తక్కువ.

నీళ్ల రకం కూడా ముఖ్యమే. బిందె లోపల తెల్లటి పొర కట్టే బోరు నీళ్లు తెలుసు కదా. ఆ నీళ్లలో కాల్షియం ఎక్కువ. ఒక్కో కాల్షియం అయాను రెండు గొలుసుల్ని పట్టుకుని కొత్త ముడి వేయగలదు. ముడులు పెరిగితే ఏమవుతుందో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు. జెల్ గట్టిపడుతుంది, దాహం తగ్గుతుంది. అందుకే ప్యాకెట్ మీద రాసిన అంకెను చూసి కాకుండా, తన నేలకూ తన నీళ్లకూ అది ఎంతవరకు పనికొస్తుందో కొద్ది జాగాలో వేసి చూసుకుని దిగడం రైతుకు మేలు.

వంటింట్లో పుట్టిన లెన్సు

కంటికి వేసే అద్దం మెత్తగా ఉంటే ఎంత బాగుణ్ను! ఆ ఆలోచన చేసినవాడు చెకొస్లొవేకియా శాస్త్రవేత్త ఒట్టో విక్టర్లే. 1952లో రైలు ప్రయాణంలో కంటికి అమర్చే కృత్రిమ భాగాల గురించి తోటి ప్రయాణికుడితో మాటలు కలవడం దానికి నాంది. సహచరుడు ద్రహొస్లావ్ లీమ్‌తో కలిసి నీళ్లు తాగే మెత్తటి ప్లాస్టిక్‌ను రూపొందించారు. దాన్ని లెన్సుగా మలచడమే కుదరలేదు. అచ్చులోంచి తీస్తుంటే అంచులు చిరిగిపోయేవి. ప్రభుత్వం ఆ పరిశోధన ఆపేయమంది.

విక్టర్లే ఊరుకోలేదు. 1961 క్రిస్మస్ రోజుల్లో ఇంట్లోనే, పిల్లల మెర్కూర్ ఆటబొమ్మల పెట్టెలోని ఇనుప ముక్కలు, సైకిల్ డైనమో, కాలింగ్‌బెల్ ట్రాన్స్‌ఫార్మర్‌తో ఒక యంత్రం బిగించారు. గిరగిరా తిరిగే చిన్న గిన్నెలో ద్రవం పోస్తే అది తిరుగుతూ తిరుగుతూనే లెన్సు ఆకారంలో గట్టిపడింది. మొదట వచ్చినవి నాలుగు లెన్సులు. ఆ తర్వాత పేటెంట్లు అమెరికా చేరాయి. 1971లో అక్కడి ఎఫ్‌డీఏ మెత్తటి లెన్సులకు అనుమతిచ్చింది.

ఆ ప్లాస్టిక్ తాగే నీళ్లు 38 శాతం మాత్రమే. కానీ కంటికి ఇంకో అవసరం ఉంది. నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియాలో రక్తనాళాలుండవు. దానికి కావాల్సిన ఆక్సిజన్ చాలావరకు గాలి నుంచే రావాలి. ఆనాటి లెన్సుల్లో ఆక్సిజన్ వెళ్లే దారి నీళ్లే. అంటే నీళ్లు పెంచాలి. 60, 70 శాతం దాకా పెంచారు. లెన్సులు చీటికిమాటికి చిరగడం మొదలెట్టాయి. చిరక్కుండా మందం పెంచితే ఆక్సిజన్ మళ్లీ తగ్గింది!

దాదాపు మూడు దశాబ్దాల పాటు ఈ పీటముడి వీడలేదు. 1999లో సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చి పక్కదారి చూపించాయి. ఆక్సిజన్‌ను మోసే పని నీళ్ల నుంచి తీసేసి సిలికాన్‌కు అప్పగించారు. తొలితరం వాటిలో ఒకదానిలో నీళ్లు 24 శాతమే. అయినా ఆక్సిజన్ మాత్రం పాతవాటికన్నా పది రెట్లకు పైగా వెళ్లేది. కాకపోతే నీళ్లు తగ్గి గట్టిపడటంతో కొందరికి కంట్లో నలుసులా అనిపించేది. తర్వాతి తరాల్లో ఆ గట్టిదనాన్ని తగ్గించుకుంటూ వచ్చారు.

లెన్సులు వాడేవాళ్లు వాటిని కుళాయి నీళ్లతో కడగొద్దని డాక్టర్లు ఎందుకంటారో కూడా ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. కన్నీటిలో ఉప్పు ఉంటుంది, కుళాయి నీళ్లలో దాదాపు ఉండదు. లెన్సు ఆ నీళ్లు తాగి ఆకారం మారి కంటికి అతుక్కుపోవచ్చు. పైగా ఆ నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను దెబ్బతీయగలదు.

ఆమాటకొస్తే కార్నియా కూడా ఒక జెల్లే. నీళ్లు అదుపు తప్పి ఎక్కువైతే ఉబ్బి మసకబారుతుంది. అలా కాకుండా లోపలి కణాలు ఎప్పటికప్పుడు నీళ్లు తోడేస్తుంటాయి. 2022లో హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యసంస్థ, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి మనిషి కార్నియా కణజాలం నుంచి తీసిన పదార్థంతో త్రీడీ ప్రింటింగ్ కార్నియాను తయారుచేసి, కుందేలు కంట్లో అమర్చినట్టు ప్రకటించారు. పారదర్శకంగానూ ఉండాలి, కంట్లో నిలబడేంత బలంగానూ ఉండాలి. ఇక్కడా పోరు అదే.

గుజ్జు గుట్టు

ఇప్పుడు మోకాలి దగ్గరికి వద్దాం. మృదులాస్థిలో రెండు రకాల పదార్థాలు పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి. ఒకటి ప్రొటియోగ్లైకాన్లు. డైపర్ గుళికలాగే వీటికీ రుణావేశాలుంటాయి, విపరీతమైన దాహం ఉంటుంది. రెండోది కొల్లాజెన్. ఇది గట్టి దారాల వల. ప్రొటియోగ్లైకాన్లు తాగి ఉబ్బాలని చూస్తాయి. కొల్లాజెన్ వల వాటిని ఉబ్బనివ్వకుండా బిగించి పట్టుకుంటుంది. తాగగలిగినదాంట్లో కొంతే తాగి, ఎప్పుడూ తీరని దాహంతో, గాలి నింపిన టైరులా బిగుసుకుని ఉంటుంది మన గుజ్జు.

అడుగు వేసినప్పుడు బరువు పడుతుంది. లోపలి నీళ్లు బయటికి పోవాలని చూస్తాయి. కానీ సందులు ఎంత సన్నవంటే అంత తొందరగా పోలేవు. అందుకే ఆ తొలిక్షణాల్లో భారంలో ఎక్కువ భాగాన్ని ఆ నీళ్లే మోస్తాయి! సబ్జా జిగురును బలహీనం చేసిన నీళ్లే ఇక్కడ బలమయ్యాయి. తేడా అంతా పట్టి ఉంచే వలలోనే ఉంది.

వెన్నుపూసల మధ్య డిస్కులూ ఇలాంటివే. రాత్రి పడుకున్నప్పుడు బరువు తగ్గి నీళ్లు తాగుతాయి. పగలంతా నిలబడీ కూర్చునీ తిరిగితే కొంత వదిలేస్తాయి. అందుకే పొద్దున్న నిద్రలేవగానే మనం సాయంత్రంకన్నా ఇంచుమించు ఒక సెంటీమీటరు పొడుగుంటాం. కావాలంటే గోడకు ఆనుకుని గీత గీసి చూసుకోండి.

మరి 'గుజ్జు అరగడం' ఎలా మొదలవుతుంది? ఎండిపోయి అరుగుతుందని చాలామంది అనుకుంటారు. కీళ్లవాతం తొలిదశలో జరిగేది ఇంచుమించు దానికి తిరగబడి ఉంటుంది. ముందు కొల్లాజెన్ వల దెబ్బతింటుంది. పట్టు సడలగానే గుజ్జు మామూలుకన్నా ఎక్కువ నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తబడ్డది భారానికి ఆగలేక చీలికలు తీస్తుంది. ఆ తర్వాతే అరుగుదల. దాహం పెరిగి బలం తరగడమంటే ఇదే!

అందులో రక్తనాళాలు లేవు కాబట్టి చర్మంలా తనంతట తాను మానుకోవడం బహు కష్టం. ఎక్కువ నీళ్లు తాగితే గుజ్జు పెరుగుతుందనుకోవడమూ పొరపాటే. అక్కడ లోపించింది నీళ్లు కాదు, వాటిని పట్టి ఉంచే వల.

రెండు వలల కిటుకు

అరిగిన చోట వేయడానికి అలాంటి జెల్‌ని మనమే చేసుకోలేమా? చాలాకాలం పాటు చేతకాలేదు. చేసిన ప్రతి జెల్ జున్నులా తెగిపోయేది. 2003లో జపాన్‌లోని హొక్కయిడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం ఒక కొత్త దారి పట్టింది. ఒక వలకు బదులు రెండు వలలు వేశారు. మొదటిది బిగువైనది, పెళుసైనది. దాని సందుల్లోనే రెండోది పెంచారు. అది పొడవైన గొలుసులున్న వదులు వల.

విడివిడిగా రెండూ పనికిమాలినవే. కలిస్తే మాత్రం అద్భుతం! 90 శాతం నీళ్లున్నా ఆ జెల్ చదరపు సెంటీమీటరుకు సుమారు 170 కిలోల ఒత్తిడి దాకా తట్టుకుంది. రహస్యమేమిటంటే, లాగినప్పుడు బిగువైన వలలోని గొలుసులు అక్కడక్కడా తెగుతాయి. తెగుతూ తెగుతూ దెబ్బ శక్తిని తాము మింగేస్తాయి. వదులు వల జెల్‌ని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. కారు ముందు బంపర్ తాను నుజ్జయి లోపలివాళ్లను కాపాడినట్టు. అందుకే వాటికి 'త్యాగబంధాలు' అన్నట్టుగా పేరుపెట్టారు.

తెగినవి మళ్లీ అతకవు, అదొక్కటే లోటు. 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జిగాంగ్ సువో తదితరులు దానికీ విరుగుడు ఆలోచించారు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను ఒక వలగా వాడి, దాని గొలుసుల్ని కాల్షియంతో ముడివేశారు. ఇందాక చేలో జెల్ దాహాన్ని తగ్గించిన ఆ కాల్షియమే! ఆ ముడి లాగితే ఊడుతుంది, వదిలితే చాలావరకు మళ్లీ పడుతుంది. పదింట తొమ్మిది పాళ్లు నీళ్లే ఉన్న ఆ జెల్ తన పొడవుకు 20 రెట్లు సాగినా తెగలేదు. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో బ్యాక్టీరియా అల్లే సెల్యులోజ్ నారను కలిపి, బలంలో మృదులాస్థికి దీటైన జెల్‌ని చేశారు. కొల్లాజెన్ చేసే పనిని ఆ నారకు అప్పగించారన్నమాట.

ప్రయోగశాలలో గెలిచినంత మాత్రాన ఒంట్లో గెలిచినట్టు కాదు. కాలి బొటనవేలి కీలు కోసం హైడ్రోజెల్‌తో చేసిన ఒక ఇంప్లాంట్‌కు 2016లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అనుకున్నదానికన్నా ఎక్కువమందిలో అది విరగడం, పక్కకు జరగడం, మళ్లీ ఆపరేషన్ అవసరమవడం జరగడంతో 2024లో తయారీదారులే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఒక్కసారి భారం మోయడం వేరు, లక్షలసార్లు మోయడం వేరు. ఎముకను పట్టుకుని ఉండటం ఇంకా వేరు. కాబట్టి 'జెల్ ఎక్కిస్తే గుజ్జు మళ్లీ కొత్తదైపోతుంది' అని ఎవరైనా తేలిగ్గా మాటిస్తే, ఏ జెల్, ఎవరిలో పరీక్షించారు, ఎన్నేళ్లు నిలిచింది అని నిలదీసి అడగడానికి మొహమాటపడొద్దు.

ఆ రోజు వచ్చేదాకా మనకు పుట్టుకతో వచ్చిన వలను కాపాడుకోవడమే తెలివైన పని. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు మోకాలి మీద రెండు మూడు కిలోల భారం తగ్గినట్టే. గుజ్జుకు తిండి అందేది కూడా కదలిక వల్లే. అడుగు పడ్డప్పుడు నీళ్లు కొంచెం వదిలి, లేచినప్పుడు మళ్లీ పీల్చుకుంటూ కీలు ద్రవం నుంచి పోషకాలు తెచ్చుకుంటుంది. నొప్పి భయంతో మంచానికి అతుక్కుపోయే పెద్దవాళ్లను డాక్టరు చెప్పిన మేరకు రోజూ నాలుగడుగులు వేయించండి. తొడ కండరాలకు చెప్పిన వ్యాయామాలు మానకుండా చేయించండి. గుజ్జుకు కావాల్సిన నీళ్లు అది తాగుతూనే ఉంటుంది. వల తెగకుండా చూసుకోవడమే మన వంతు!